ఆకలి జన్యువుల్లో ఉందంటే, రక్తంలో కొవ్వు కూడా రాసిపెట్టి ఉన్నట్టేనా?

శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట వైపు నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. వయసు 39. ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్తకు ఎరువుల షాపు ఉంది. ఇంట్లో అత్తగారు, తొమ్మిదో తరగతి చదివే పాప. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 76 కిలోలు.

"చిన్నప్పటి నుంచీ నాకు కడుపు నిండిందని తొందరగా తెలీదు. మా అప్ప (అక్క) రెండు ముద్దలు తిని లేచిపోయేది. అమ్మ నన్ను చూసి 'ఈ గుంటకి ఎంత పెట్టినా చాలదు' అనేది. ఇప్పుడూ అంతే. ఉదయం టీ, బిస్కెట్లతో బడికి పరుగు. మధ్యాహ్నం క్యారేజీ. శనివారం దేవుడికి ఒంటిపూట ఉంటాను. రాత్రే కడుపారా తింటాను. అందరూ పడుకున్నాక బియ్యం డ్రమ్ములో దాచిన చేగోడీల ప్యాకెట్ తీసి, కరకర చప్పుడు వినబడకుండా ఒక్కోటీ నోట్లో నానబెట్టుకుని తింటాను" అని రాశారు.

స్కూల్లో పెట్టిన హెల్త్ క్యాంపులో, ఉదయం టీ తాగాక రక్తం ఇచ్చారట. మొత్తం కొలెస్ట్రాల్ 212, రక్తంలో తిరిగే కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 312, మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ 37, చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ 113, మూడు నెలల షుగర్ 6.1 వచ్చాయి. బరువు తగ్గి రెండు నెలల తర్వాత రమ్మన్నారు డాక్టరు. ఈలోగా విశాఖలో ఉండే తమ్ముడు ఉమ్మితో చేసే జన్యు పరీక్ష చేయించాడు. ఎంసీ4ఆర్ అనే జన్యువు దగ్గర ఒక తేడా, సీఎన్ఆర్1 అనే జన్యువులో మరొక తేడా ఉన్నాయని, ఊబకాయానికీ రక్తంలో కొవ్వుకూ 'హై రిస్క్' అని ఎర్ర అక్షరాల్లో రిపోర్టు వచ్చింది. భర్త "నోరు కట్టుకోలేక ఇప్పుడు జీన్స్ మీద పెడుతున్నావా" అన్నారు. అత్తగారు "ఈ సంగతి బయట అనకు, రేపు పిల్లకి సంబంధాలు చూడాలి" అన్నారు. ఈవిడేమో "నా ఒంట్లోనే రాసి ఉంటే ఇక డైటింగ్ దేనికి" అనుకుని డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. పాపకీ ఆకలి ఎక్కువేనట, దానికీ ఈ పరీక్ష చేయించాలా అని అడిగారు. బరువు తగ్గిస్తుందని అందరూ చెప్పుకునే ఇంజెక్షన్ తీసుకోవచ్చా అనీ అడిగారు.

అమ్మా,

ముందు మీ ఆకలి గురించి మాట్లాడతాను. మీరు ఉత్తరమంతా దాన్ని నేరంలా రాశారు. అది నేరం కాదు. బ్రిటన్‌లో వేలమంది కవల పిల్లల్ని పాలు తాగే వయసు నుంచే గమనించారు. కడుపు నిండాక ఆపేసే గుణంలో పిల్లకీ పిల్లకీ ఉండే తేడాల్లో 72 శాతం దాకా పుట్టుకతో వచ్చినవేనని 2010లో తేల్చారు. పాలు తాగే బిడ్డకు నోరు కట్టుకోవడం, కట్టుకోలేకపోవడం అంటూ ఉండవు కదా. మీ అప్ప రెండు ముద్దలతో లేచిపోవడం ఆవిడ గొప్ప కాదు, మీరు లేవలేకపోవడం మీ తప్పూ కాదు. ఒకే తల్లిదండ్రుల పిల్లలైనా జన్యువులు ఒకేలా పంచుకోరు. అక్కాచెల్లెళ్ళకు సగటున సగమే కలుస్తాయి.

ఈ తేడా ఎక్కడ పనిచేస్తుందో చూద్దాం. ఒంట్లోని కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతాయి. 'నిల్వ ఉంది, ఇక చాలు' అని మెదడుకు వెళ్ళే కబురు అది. దాన్ని 1994లో కనిపెట్టారు. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చోట రిసెప్టర్లు ఆ కబురు అందుకుంటాయి. అక్కణ్ణుంచి ఇంకో రిసెప్టర్ ద్వారా ఆకలి అణగాలి. ఆ రిసెప్టరే ఎంసీ4ఆర్. మీ రిపోర్టులోని రెండోది, సీఎన్ఆర్1, దీనికి ఎదురు దిక్కున పనిచేసే రిసెప్టర్‌ను తయారుచేస్తుంది. తిండి మీద రుచి పుట్టించి, ఇంకొంచెం తినమని చెప్పేది అది.

ఎంసీ4ఆర్ పాడైతే పసితనం నుంచే ఆగని ఆకలి, విపరీతమైన బరువు వస్తాయని 1998లో తెలిసింది. అలాంటివాళ్ళు అరుదు. మీకున్నది అది కాదు. ఆ జన్యువు పక్కన ఉండే ఒక మామూలు తేడా మీది. 2008లో దాన్ని గుర్తించారు. అప్పుడే లండన్‌లో ఉంటున్న భారతీయ మూలాలవాళ్ళను పరీక్షిస్తే, యూరోపియన్ల కంటే మనవాళ్ళలో అది ఎక్కువమందికి ఉందని, నడుము చుట్టుకొలతతో దానికి సంబంధం ఉందని తేలింది. మీ స్టాఫ్ రూమ్‌లో కూర్చున్న టీచర్లలో ఇంకొందరికి కూడా ఉండే ఉంటుంది.

దాని బలమెంతో మీ రిపోర్టు చెప్పలేదు, నేను చెబుతాను. ఆ తేడా ఒక కాపీ ఉంటే, అంటే అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే వచ్చి ఉంటే, మీ ఎత్తు మనిషికి సగటున పెరిగే బరువు సుమారు అర కిలో. అర కిలో మాత్రమే! 'హై రిస్క్' అని ఎర్ర అక్షరాల్లో అచ్చువేసింది దీన్నే. ఆకలి మీద ప్రభావం చూపే ఇలాంటి చిన్నచిన్న తేడాలు వందల్లో ఉంటాయి. మీ అమ్మగారి నుంచీ నాన్నగారి నుంచీ వచ్చినవన్నీ కలిసి మీ ఆకలి తయారైంది. ఏదో ఒకదాన్ని పట్టుకుని జాతకం చెప్పడం కుదరదు.

ఇక రక్తంలో కొవ్వు సంగతి. మీ ఉత్తరంలో ఒక మూల, "మా అప్ప పుల్లలా ఉంటుంది, అయినా తనకీ ట్రైగ్లిజరైడ్లు 248 వచ్చాయి, అదేం చిత్రమో" అని రాశారు. నాకు అది ఉత్తరం మొత్తంలోకీ ముఖ్యమైన మాట. ఆవిడకు ఆకలి తక్కువ, బరువు తక్కువ, కొవ్వు మాత్రం ఎక్కువ. అంటే మీ ఇంట్లో రక్తంలో కొవ్వు పెరగడానికి ఆకలి కాక ఇంకో దారి కూడా ఉండి ఉండాలి.

రక్తంలో ట్రైగ్లిజరైడ్లను చెరువు నీటిమట్టం అనుకోండి. ఎంత నీరు వస్తోందన్నది కాలువ సంగతి, ఎంత పోతోందన్నది తూము సంగతి. ఆకలి రిసెప్టర్లు పనిచేసేది కాలువ వైపు. ఎక్కువ తింటాం, ముఖ్యంగా అన్నం, పంచదార, మైదా ఎక్కువ తింటాం. కాలేయం ఆ మిగులును కొవ్వుగా మార్చి రక్తంలోకి పంపుతుంది. ట్రైగ్లిజరైడ్లు పెరిగేకొద్దీ మంచి కొలెస్ట్రాల్, అంటే హెచ్‌డీఎల్, తగ్గుతుంది. తూము వైపు ఉండేవి వేరే జన్యువులు. రక్తంలోంచి కొవ్వును విడగొట్టి కణాల్లోకి పంపే ఎల్‌పీఎల్ అనే ఎంజైము, దానికి తోడ్పడే ఏపీఓఏ5, అడ్డుపడే ఏపీఓసీ3 లాంటివి. అక్కడ లోపముంటే సన్నటి మనిషికైనా మట్టం పెరుగుతుంది. మీ అప్పకు తూము ఇరుకై ఉండొచ్చు. మీకు కాలువా పెద్దదే, తూమూ ఇరుకే కావచ్చు.

ఈ రెండూ ఎంత వేరో చెప్పడానికి ఒక పరిశోధన ఉంది. ఎంసీ4ఆర్ పాడై బాగా లావుగా ఉన్నవాళ్ళను కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు పరీక్షించారు. అంతే బరువున్న మిగతావాళ్ళతో పోలిస్తే వీళ్ళకు చెడు కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు తక్కువగా ఉన్నాయని 2025లో ప్రకటించారు. రక్తపోటు కూడా తక్కువే ఉంటుందని అంతకు ముందే తెలుసు. ఆ రిసెప్టర్ ఆకలితో ఆగదు, ఒళ్ళు కొవ్వును ఎలా వాడుకోవాలన్న దాంట్లో కూడా దానికి చెయ్యి ఉంది. కాబట్టి 'ఆకలి జన్యువు ఉంది, అందుకే రక్తంలో కొవ్వు పెరిగింది' అని ఒక్క గీత గీసేయడానికి వీల్లేదు.

సీఎన్ఆర్1 విషయంలో సంబంధం నిజమే, కానీ మీ రిపోర్టు చెప్పినంత సూటిగా లేదు. ఆ రిసెప్టర్‌ను మూసే రిమోనాబాంట్ అనే మందు వాడితే బరువు తగ్గడమే కాదు, ఆ తగ్గిన బరువుతో లెక్కకు వచ్చే దానికంటే మెరుగ్గా ట్రైగ్లిజరైడ్లు తగ్గి, హెచ్‌డీఎల్ పెరిగింది. ఆ ఫలితాలు 2005లో వచ్చాయి. 2006లో యూరప్‌లో మందు అమ్మకానికి పెట్టారు. వాడినవాళ్ళలో కొందరు తీవ్రమైన డిప్రెషన్‌లోకి, ఆత్మహత్య ఆలోచనల్లోకి వెళ్ళడంతో 2008లో వెనక్కి తీసుకున్నారు. తర్వాత మన దేశంలోనూ నిషేధించారు. మెదడులో ఒకే తాళం ఆకలినీ, సంతోషాన్నీ తాకుతుందని అందరికీ అప్పుడు బాగా తెలిసొచ్చింది. ఇక ఆ జన్యువులో పుట్టుకతో ఉండే తేడాల విషయానికొస్తే, ఒక అధ్యయనంలో హెచ్‌డీఎల్‌తో సంబంధం కనిపిస్తే మరోదాంట్లో కనిపించలేదు. దాన్నిబట్టి మీ ఒక్కరి భవిష్యత్తు చెప్పడం సరికాదు.

మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసినవి ఇంకో రెండు ఉన్నాయి. "నాన్న 51 ఏళ్ళకే గుండెపోటుతో పోయారు." "అమ్మ పుట్టిల్లు కవిటి దగ్గర, మా మావయ్య డయాలసిస్‌లో ఉన్నాడు." డబ్బు పెట్టి చేయించిన ఆ పరీక్ష కంటే ఈ రెండు వాక్యాలకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. తండ్రికి 55 లోపు గుండెపోటు వస్తే పిల్లల గుండె విషయంలో డాక్టర్లు మామూలు కంటే ముందే జాగ్రత్తపడతారు. కవిటి ఉన్నది ఉద్దానంలో, అక్కడ ఎంతోమందిని పట్టిన కిడ్నీ జబ్బు సంగతి మీకు నేను చెప్పేదేముంది. కిడ్నీ పనితీరు తగ్గినా ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. వాటిని తగ్గించే మందుల్లో కొన్నింటి మోతాదు కూడా కిడ్నీని బట్టే ఇస్తారు. అందుకని క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు మానొద్దు. పలాసలో 2023లో తెరిచిన కిడ్నీ ఆసుపత్రి మీకు అంత దూరమేమీ కాదు.

కాబట్టి మీ ముందున్న దారుల్లో మొదటిది, ఏ దారి ఎంచుకున్నా తప్పనిది, మళ్ళీ రక్తపరీక్ష. క్యాంపులో టీ తాగి ఇచ్చారు కదా. ఏమీ తినకుండా 10, 12 గంటలుండి ఇవ్వండి. ముందు రోజు పెళ్ళి భోజనాల్లాంటివి వద్దు. థైరాయిడ్ కూడా చూపించండి. అది మందగించినా కొవ్వు పెరుగుతుంది, ఒళ్ళూ వస్తుంది. వారసత్వంగా వచ్చే గుండె ముప్పును చూసే లైపోప్రోటీన్-ఏ అని ఒక పరీక్ష ఉంది. నాన్నగారి విషయం ఉంది కాబట్టి జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. ట్రైగ్లిజరైడ్లు 150 లోపుంటే మామూలు, 200 దాటితే ఎక్కువ. 500 దాటితే క్లోమగ్రంథి వాచే ప్రమాదం మొదలవుతుంది. మీ 312 కంగారుపడాల్సిన అంకె కాదు. అలాగని అల్మరాలో పెట్టి మరిచిపోయేదీ కాదు. షుగర్ 6.1 అంటే షుగర్ జబ్బు గడప దాకా వచ్చి ఉన్నారు.

తర్వాత తిండి. "డైటింగ్ దేనికి" అన్నారు. మీరు డైటింగ్ అనుకుంటున్నది ఆకలిని అణచుకోవడం. మీ ఒంటికి అదే సరిపడనిది. శనివారం చూడండి, పగలంతా ఖాళీ కడుపు, రాత్రికి గంటలోపు అంతా లోపలికి. 'ఇక చాలు' కబురు ఆలస్యంగా వచ్చే మనిషికి అది వచ్చేలోపే పళ్ళెం రెండుసార్లు ఖాళీ అవుతుంది. ఆకలితో పోట్లాడే బదులు, దానికి ముందుగా సరైనది పెట్టండి. ఉదయం బిస్కెట్ల బదులు రెండు గుడ్లో, పెసరట్టో. మధ్యాహ్నం ముందు కూర, పప్పు తిని, తర్వాత అన్నం, అదీ ఒక గిన్నె కొలత పెట్టుకుని. బడి వదిలాక నాలుగున్నరకు ఉడికించిన ఉలవలో, శనగలో ఒక కప్పు. రాత్రి డ్రమ్ము దగ్గరికి వెళ్ళే ఆకలిని తగ్గించేది ఆ సాయంత్రపు గుగ్గిళ్ళే. చోడి (రాగి) అంబలి మంచిదే, బెల్లం వేసుకోకుండా. మీ తీరంలో దొరికే కవళ్ళు, కానాగంతలు వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకోండి, వేపుడు వద్దు. పలాస జీడిపప్పు పచ్చిగా నాలుగైదు పలుకులైతే ఫరవాలేదు, నూనెలో వేయించి ఉప్పుకారం జల్లినవి చేగోడీలతో సమానమే. నిద్ర ఆరు గంటల కంటే తగ్గనివ్వొద్దు. నిద్ర చాలకపోతే లెప్టిన్ తగ్గి, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది. మీకు ఉన్న ఆకలి చాలు. శనివారం ఒంటిపూట మానమని నేను అనను, అది మీ నమ్మకం. పాలు, పండు మధ్యలో తీసుకుంటే స్వామికి లోటేమీ ఉండదని నా అభిప్రాయం.

ఇలా చేస్తే ఏం వస్తుంది? బరువు 5 నుంచి 10 శాతం, అంటే నాలుగు నుంచి ఏడున్నర కిలోలు తగ్గితే, ట్రైగ్లిజరైడ్లు సుమారు 20 శాతం తగ్గుతాయి. 312 కాస్తా 250 అవుతుంది. షుగర్ గడప దగ్గరే ఆగొచ్చు. కానీ 150కి రాకపోవచ్చు. అప్పుడు "చూశావా, ఎంత చేసినా ఇంతే" అని ఇంట్లోవాళ్ళు అనొచ్చు, మీకూ అనిపించొచ్చు. తూము ఇరుకైనప్పుడు కాలువ కట్టినంత మాత్రాన మట్టం పూర్తిగా దిగదు. దాన్ని ఓటమి అనుకోవద్దు.

ఆ మిగతాదానికే మందులు. డాక్టరు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఇవ్వొచ్చు, నాన్నగారి చరిత్ర చూసి ముందే ఇవ్వొచ్చు కూడా. దాని ముఖ్యమైన పని గుండెను కాపాడటం, ట్రైగ్లిజరైడ్లు కొంత మేరకే తగ్గుతాయి. ట్రైగ్లిజరైడ్లు అలాగే ఎక్కువగా ఉంటే ఫెనోఫైబ్రేట్ లాంటివి ఆలోచిస్తారు, అదీ కిడ్నీ పరీక్ష చూశాకే. మందు మొదలుపెడితే ఏళ్ళ తరబడి వాడాల్సి రావచ్చు. తిండి మార్చకుండా మాత్ర మాత్రమే వేసుకుంటే రిపోర్టులో అంకె దిగొచ్చు, ఆకలీ షుగరూ అలాగే ఉంటాయి. ఏ మందూ వద్దు, తిండితోనే చూస్తాను అంటే మూడు నెలలు గడువు పెట్టుకుని మళ్ళీ పరీక్ష చేయించండి. గడువు లేకుండా మాత్రం వాయిదా వేయొద్దు. మీరు ఇప్పటిదాకా చేసింది అదే.

ఇంజెక్షన్ గురించి అడిగారు. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ బరువు తగ్గించడానికి 2025లో మన మార్కెట్లోకి వచ్చాయి. అవి కూడా ఆకలి రిసెప్టర్ల మీదే పనిచేస్తాయి, కాకపోతే మీ రిపోర్టులో ఉన్నవి కావు, జీఎల్‌పీ-1 అనే వేరే రిసెప్టర్. మీ జన్యు రిపోర్టు చూసి ఈ మందు ఇవ్వడం, మానడం ఉండదు. మీ బరువు, షుగర్ చూస్తే డాక్టరు ఆలోచించే అవకాశం ఉంది. నిజంగా ఆకలి తగ్గుతుంది. "అందరికీ ఇలాగే ఉంటుందా" అని జీవితంలో మొదటిసారి తెలిసి ఏడ్చినవాళ్ళున్నారు. కానీ ఖర్చు నెలనెలా ఉంటుంది. వికారం, వాంతులు రావొచ్చు. ఆపేస్తే ఆకలి తిరిగొస్తుంది, బరువు చాలావరకు తిరిగొస్తుంది. క్లోమగ్రంథి వాపు వచ్చినవాళ్ళకు, ఇంట్లో మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్ళకు ఇవ్వరు. ఇంట్లో డబ్బుల లెక్క చూసుకుని, ఏడాది పైన కొనగలమనుకుంటేనే దిగండి. మెడికల్ షాపులో చీటీ లేకుండా, ఎవరో వాడారని మాత్రం తెచ్చుకోవద్దు.

మీవారి సంగతి. ఆ మాట అన్నందుకు మీకు కోపం వచ్చింది, రావాల్సిందే. అయితే రిపోర్టు ముందుపెట్టి వాదిస్తే అది మీ ఇద్దరి మధ్య సాక్ష్యంగా మారిపోతుంది. ఆయన 'సాకు' అంటారు, మీరు 'సైన్సు' అంటారు, రాత్రి మళ్ళీ డ్రమ్ము దగ్గరికి ఒంటరిగా వెళ్ళేది మీరే. దాని బదులు మళ్ళీ పరీక్షకు వెళ్ళేటప్పుడు ఆయన్ని వెంట తీసుకెళ్ళండి. డాక్టరు నోటి వెంట మీ నాన్నగారి వయసు, కిడ్నీల మాట, షుగర్ అంకె విన్నాక మాట తీరు మారిన భర్తల్ని చాలామందిని చూశాను. మారకపోతే, కనీసం చేగోడీల ప్యాకెట్లు ఇంటికి తేవడం మానమని సూటిగా అడగండి. ఆకలి మీది, కానీ ఇంట్లోకి ఏం వస్తుందన్నది అందరిదీ. దాచుకుని తినడం మాత్రం వెంటనే మానండి. తినాలనిపిస్తే వెలుతురులో, పళ్ళెంలో పెట్టుకుని, పాప చూస్తుండగా తినండి. దాచిన తిండి ఎక్కువ తింటాం, పైగా సిగ్గు మిగులుతుంది.

పాపకు జన్యు పరీక్ష నేను వద్దంటాను. అయిదేళ్ళ లోపే విపరీతంగా లావెక్కి, ఆకలికి అదుపు లేని పిల్లలకైతే చేయిస్తాం. వాళ్ళలో లెప్టిన్ రిసెప్టర్ లాంటివి పాడైనట్టు తేలితే సెట్‌మెలనోటైడ్ అనే మందు 2020 నుంచి ఉంది. మీ పాప ఏడో తరగతి దాకా మామూలుగానే ఉందని, పెద్దమనిషి అయ్యాక కాస్త ఒళ్ళు చేసిందని మీరే రాశారు. ఆ పిల్లకు ఆ పరీక్ష కొత్తగా చెప్పేదేమీ ఉండదు. చేతిలో ఎర్ర అక్షరాల కాగితం పెట్టి 'నువ్వింతే' అని చెప్పినట్టు మాత్రం అవుతుంది. తాతగారి గుండెపోటు ఉంది కాబట్టి ఒక్కసారి మామూలు కొవ్వు పరీక్ష చేయించండి, చాలు. పళ్ళెం దగ్గర పిల్లని 'చాలదేమిటే నీకు' అని ఎవరూ అనకుండా చూడండి, మీ అత్తగారైనా సరే. ఆ మాట మీరు నలభై ఏళ్ళకు దగ్గరపడ్డా మరిచిపోలేదు.

సంబంధాల గురించి అత్తగారి భయం నాకు అర్థమైంది. మన ఊళ్ళలో అది ఉత్త భయం కాదు. కానీ ఆవిడకు ఇది చెప్పండి: మీకున్న తేడా బంధువుల్లో సగం మందికి ఉండగల మామూలు తేడా, జబ్బు కాదు, పిల్ల పెళ్ళికి అడ్డొచ్చేదేమీ అందులో లేదు. ఎవరికీ చెప్పకూడదనుకుంటే చెప్పకండి, అది మీ సొంత విషయం. మీ అప్పకు మాత్రం చెప్పండి. ట్రైగ్లిజరైడ్లు 248 ఉండి, 'నేను సన్నమే కదా' అని నిశ్చింతగా ఉన్నారు ఆవిడ. నాన్నగారు ఆవిడకూ నాన్నే. పరీక్షకు ఇద్దరూ ఒకే రోజు వెళ్ళండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇద్దరి పాత రిపోర్టులు, నాన్నగారికి గుండెపోటు వచ్చిన వయసు, మావయ్య డయాలసిస్ ఎప్పుడు మొదలైందో ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళండి. ఆ జన్యు రిపోర్టు కూడా పట్టుకెళ్ళండి, చూపించేవాటిలో దాన్ని అడుగున పెట్టండి.